బెంచీ మీద కూచునేవాళ్ల పార్కు



ఈద్ నమాజ్ అయ్యాక గలే మిలి, షీర్ ఖుర్మా కటోరాలు ఇంకా కడగకముందే మన ఇళ్లల్లో పిల్లల పంచాయితీ మొదలవుతుంది. బాసీ ఈద్‌కి ఎక్కడికి పోదాం? పిల్లలు వండర్‌లా అంటారు. కాలేజీకి పోయే పెద్దపిల్లలు రామోజీ ఫిల్మ్ సిటీ అంటారు. దాదీ తన మంచం మీంచి లేవకుండానే "కిన్నెరసాని పోదాం బేటా, చెట్ల కింద కూచుందాం" అంటుంది. ఖమ్మం, ఇల్లందు, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం వైపు ఉండే ముస్లిం ఖాన్‌దాన్లలో ఈ బహస్ ఏటా రెండుసార్లు నడుస్తుంది. చివరికి గెలిచేది ఎక్కువసార్లు దాదీయే. ఆమె మాటకు ఇజ్జత్ ఇచ్చి కాదు లెండి, జేబులు చూసుకుని.

ఈ మధ్య మన పడుచువాళ్ల నోట ఇంకో మాట ఎక్కువగా వినబడుతోంది. "కిన్నెరసానిలో ఏముంది చిచ్చా, జింకలూ నీళ్లూ తప్ప? అక్కడే ఓ వాటర్ పార్కు, నాలుగు రైడ్లు, జిప్ లైన్ పెట్టేస్తే హైదరాబాద్ పోయే పని తప్పుతుంది కదా!" వినడానికి బాగానే ఉంది. నాకు మాత్రం ఇది నచ్చని మాట. జంగిల్ పాడవుతుందన్నది ఒక కారణం. అది అందరూ చెప్పేదే, నిజమే కూడా. నా ఫికర్ ఇంకొకటి. కిన్నెరసాని థీమ్ పార్కు అయిన రోజు అక్కడ దాదీకి జాగా ఉండదు.

థీమ్ పార్కు అనే దాని పుట్టుకలో ఒక మజా ఉంది. వాల్ట్ డిస్నీ తానే చెప్పుకున్న కిస్సా అది. లాస్ ఏంజెలెస్‌లో గ్రిఫిత్ పార్కు అని ఉంది. ఆయన తన ఇద్దరు కూతుళ్లను అక్కడికి తీసుకుపోయి గుర్రాల రంగులరాట్నం ఎక్కించేవాడు. వాళ్లు తిరుగుతుంటే తను బెంచీ మీద కూచుని పల్లీలు నములుతూ చూసేవాడు. ఇలా అమ్మానాన్నలు ఊరికే కూచోకుండా, పిల్లలతో కలిసి తామూ మజా చేసే జాగా ఒకటి ఉండాలని అక్కడే అనిపించిందట. ఆ ఖయాల్ నుంచి 1955 జూలైలో డిస్నీల్యాండ్ తెరుచుకుంది. అంతకుముందు కూడా తఫ్రీ బాగులు లేకపోలేదు. డెన్మార్క్‌లో కోపెన్‌హాగెన్ నడిబొడ్డున టివోలీ గార్డెన్స్ 1843 నుంచి నడుస్తూనే ఉంది. అయితే ఒక గోడ, ఒక గేటు, లోపలంతా ఒక కల్పిత దునియా అనే పద్ధతికి దారి వేసింది మాత్రం డిస్నీయే.

మన ముల్క్‌కి అది మెల్లగా వచ్చింది. 1982 ఏషియన్ గేమ్స్ ఏనుగు బొమ్మ అప్పు పేరు మీద ఢిల్లీలో 1984లో అప్పు ఘర్ పెట్టారు. 2008లో అది మూతపడింది. 1989లో బొంబాయి దగ్గర ఎస్సెల్ వరల్డ్ వచ్చింది. 1996లో రామోజీరావు హయత్‌నగర్ అవతల ఫిల్మ్ సిటీ కట్టారు. 1666 ఎకరాలు, దునియాలోనే అతి పెద్ద ఫిల్మ్ స్టూడియో అని గిన్నిస్ బుక్‌లో ఎక్కింది. మన ఖమ్మం నుంచి సూర్యాపేట మీదుగా హైదరాబాద్ పోతుంటే ఊళ్లోకి చేరకముందే తగులుతుంది గనుక మనవాళ్లకు అదే మొదటి థీమ్ పార్కు. తర్వాత కేరళలో చిట్టిలప్పిళ్లి అనే కారోబారీ 2000లో వీగాల్యాండ్ అని మొదలుపెట్టాడు. అదే వండర్‌లా అయి, బెంగళూరు దాటి, 2016లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర రావిర్యాల వైపు తెరుచుకుంది. అక్కడ రికాయిల్ అని ఒక రోలర్ కోస్టర్ ఉంది. ముందుకు పోయి తలకిందులై, మళ్లీ అదే దారిలో వెనక్కి తలకిందులవుతుంది. మా ఇంటి పిల్లలు దాని గురించి వారం రోజులు మాట్లాడారు. పైకి లాగి వదిలేశాక దాన్ని ఉరికించేది భూమి గుంజుడే అని నేను చెప్పబోతే ఒక్కడూ వినలేదు.

పిల్లల మజా మీద నాకు ఏ షికాయత్ లేదు. వాళ్ల వయసులో ఆ గుండె జారుడు కావాల్సిందే. ఆ పార్కులు నడిపేవాళ్లను కూడా ఏమీ అనను. భద్రత, సఫాయి, మంచినీళ్ల దగ్గర మన సర్కారీ జాగాలు వాళ్లను చూసి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. నేను చూసేది డిస్నీ బెంచీ ఏమైందని. పెద్దవాళ్లు బెంచీ మీద కూచోకూడదని ఆయన మొదలుపెట్టిన కథ, ఇప్పుడు బెంచీ మీద కూచునేవాళ్ల దగ్గర కూడా పిల్లలతో సమానంగా టికెట్టు తీసుకునేదాకా వచ్చింది.

లెక్క వేసి చూడండి. మన ఖాన్‌దాన్ అంటే మియా బీబీ ఇద్దరు పిల్లలు కాదు. దాదా దాదీ, ఇద్దరు కొడుకులు, ఇద్దరు దుల్హన్లు, వాళ్ల పిల్లలు, పుట్టింటికి వచ్చిన ఫూఫీ, ఆమె పిల్లలు. పన్నెండు మందికి తక్కువ ఉండరు. పెద్ద పార్కులో మనిషికి టికెట్టు వెయ్యి పైమాటే. పెద్దవాళ్లకూ పిల్లలకూ ఇచ్చే రిఆయత్ తీసేసినా పది వేలు గేటు దగ్గరే పోతాయి. ఖమ్మం నుంచి రానూపోనూ నాలుగు వందల కిలోమీటర్లు, బండి కిరాయి, డీజిల్, లోపల తిండి. బయటి అన్నం తేవద్దంటారు. ఆటో నడిపే మనిషికి, బైక్ మెకానిక్ షెడ్డు పెట్టుకున్నవాడికి, మిల్లులో గుమాస్తాకి ఇది ఒక నెల కమాయి. ఇంత పెట్టాక ఆ పన్నెండు మందిలో రైడ్లు ఎక్కేది ఎందరు? పొట్టి పిల్లల్ని ఎత్తు కొలిచి ఆపేస్తారు. షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు వద్దని బోర్డు ఉంటుంది. కడుపుతో ఉన్న దుల్హన్‌కి కుదరదు. ఈ నియమాలు అన్నీ సరైనవే, ప్రాణాల కోసం పెట్టినవే. కానీ లెక్క చివర మిగిలేది నలుగురు కుర్రాళ్లు. మిగతావాళ్లు చెప్పులు, సంచులు, ఫోన్లు కాపలా కాస్తూ ఎండలో నిలబడి ఉంటారు.

ఇక నీళ్ల ఆటలు. ఇక్కడే మన ఆడవాళ్ల సంగతి వస్తుంది. వాటర్ పార్కుల్లో కాటన్ బట్టలు, వదులు బట్టలు వద్దంటారు. ఎందుకంటే నూలు పోగులు ఊడి ఫిల్టర్లలో చేరతాయి, తడిసిన పొడుగు కుర్తా జారుడుబల్ల మీద ఎక్కడైనా చిక్కుకుంటే మనిషి నీళ్లల్లో ఉక్కిరిబిక్కిరి అవుతుంది. కారణం న్యాయమైనదే. నైలాన్‌తో కుట్టిన, ఒళ్లంతా కప్పే ఈత బట్టలు ఇప్పుడు దొరుకుతున్నాయి, కొనేవాళ్లు కొంటున్నారు. అయితే తడిసి ఒంటికి అతుక్కున్న బట్టల్లో పరాయి మగవాళ్ల మధ్య నడవడానికి మన ఆడపిల్లల్లో చాలామంది ఇష్టపడరు. దాన్ని వెనకబాటు అనేవాళ్లు అననీ. పర్దా పాటించని మా పక్కింటి సుజాతక్క కూడా అదే మాట అంది, "నీళ్లల్లోకి దిగితే సెల్‌ఫోన్లే కనబడ్తయి తమ్మీ" అని. కాబట్టి ఇది మన మజ్హబ్ ముచ్చట ఒక్కటే కాదు, ఈ ఇలాఖాలో ఉన్న అందరి ఆడవాళ్ల ముచ్చట.

తఫ్రీ మనకు కొత్తగా ఎవరో నేర్పింది కాదు. భూమ్మీద సైర్ చేసి ఖుద్రత్‌ని కళ్లారా చూడమని ఖుర్ఆనే చెబుతుంది. మన బుజుర్గులకు సినిమా హాళ్లు లేకముందే ఉర్సు మేలాలు ఉన్నాయి. ఇల్లందు పక్కన సత్యనారాయణపురం నాగుల్ మీరా దర్గా ఉర్సుకి ముస్లింలూ హిందువులూ ఒకే బండిలో పోతారు. పాలకీడు దగ్గర జాన్‌పహాడ్ సైదులు ఉర్సుకి ఖమ్మం నుంచి పోయేవాళ్లు ఎంతమందో. అక్కడ ఝూలాలు ఉంటాయి, మిఠాయి దుకాణాలు, గాజుల దుకాణాలు ఉంటాయి. ఎక్కేవాళ్లు ఎక్కుతారు, కూచునేవాళ్లు చాప పరుచుకుని రోజంతా కూచుంటారు. గేటు లేదు, టికెట్టు లేదు. డబ్బు ఉన్నంత మేరకే ఆట, లేకపోయినా మేలా మనదే.

హైదరాబాద్‌లో నుమాయిష్ అంతే. 1938లో నిజాం హుకూమత్‌లో, ఉస్మానియాలో చదువుకున్న కుర్రాళ్లు ఇక్కడి సరుకుల నుమాయిష్ పెట్టాలని బాగ్-ఎ-ఆమ్‌లో మొదలుపెట్టారు. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. జనవరి మొదటి తారీఖు మొదలై నెలన్నర నడుస్తుంది. అందులో ఒక రోజు ఆడవాళ్లకే. పర్దాలో ఉండే అమ్మలూ ఖాలాలూ ఆ రోజు జెయింట్ వీల్ ఎక్కి నవ్విన నవ్వుల గురించి హైదరాబాద్ చుట్టాల ఇళ్లల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంకో సంగతి మనలో చాలామందికి పట్టదు. ఆ నుమాయిష్ పైసలతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ వాటిల్లోవే, రెండూ ఆడపిల్లల కోసమే. జనం ఝూలా ఎక్కిన పైసలు జనం బిడ్డల చదువుకి పోయాయి. తఫ్రీలో బర్కత్ అంటే నాకు ఇదే గుర్తొస్తుంది. 1963లో మీరాలం తాలాబ్ పక్కన 380 ఎకరాల్లో తెరిచిన జూ పార్కు కూడా ఆ వరసలోదే. బాసీ ఈద్ నాడు అక్కడ చూడాలి, పాతబస్తీ పాతబస్తీయే టిఫిన్ డబ్బాలతో చెట్ల కింద ఉంటుంది. పులి బోను ముందు నిలబడేది పది నిమిషాలు, దస్తర్‌ఖాన్ ముందు కూచునేది మూడు గంటలు.

మనకు కిన్నెరసాని అలాంటిది.

ఆ ఏరు తాడ్వాయి, మేడారం అడవుల్లో పుట్టి, మన జంగిల్ అంతా తిరిగి, బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలుస్తుంది. విశ్వనాథ సత్యనారాయణ దాని మీద కిన్నెరసాని పాటలు రాశాడు. అందులో కిన్నెర అత్త పోరు పడలేక అడవి పట్టి, ఏరై ప్రవహించిన కోడలు. మొగుడు ఆమెను ఆపలేక రాయి అయిపోతాడు. మా ఫూఫీకి ఈ కిస్సా చెబితే, "అరె, మొగుడు ముందే నోరు తెరిచి ఉంటే ఏరు ఎందుకయ్యేది?" అంది. సాస్ బహూ జగడాల్లో ఫైసలా చేయడంలో ఆమెను మించినవాళ్లు మా ఖాన్‌దాన్‌లో లేరు.

పాల్వంచ నుంచి పది పన్నెండు కిలోమీటర్ల లోపల, యానంబైలు దగ్గర ఆ ఏటికి 1960ల్లో డ్యామ్ కట్టారు. సైర్ కోసం కట్టింది కాదు. కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్, అదే మన కేటీపీఎస్‌కి నీళ్ల కోసం కట్టారు. ఇల్లందు చుట్టుపక్కల భూమిలో బొగ్గు, ఆ బొగ్గు కాల్చడానికి పక్కనే కేటీపీఎస్, దాన్ని చల్లబరచడానికి కిన్నెరసాని నీళ్లు. తెలుగువాళ్ల ఇళ్లల్లో ఎన్నో ఏళ్లు వెలిగిన బల్బు వెనక ఈ మూడూ ఉన్నాయి. బావుల్లో దిగి బొగ్గు తవ్వినవాళ్లలో, పవర్ హౌస్ షిఫ్టుల్లో పని చేసినవాళ్లలో మన కౌమ్ వాళ్లు ఎందరో. కొత్తగూడెం, రుద్రంపూర్, పాల్వంచ క్వార్టర్లలో ఏ లైన్‌లో చూసినా ఒక సలాం వినబడేది. వాళ్లకు వారానికి ఒక్క సెలవు. ఆ రోజు బీబీ పిల్లల్ని తీసుకుని పోవడానికి దగ్గర్లో ఉన్న జాగా ఈ డ్యామే. డ్యామ్ గట్టు పక్క గుట్ట మీద సింగరేణి కట్టించిన అద్దాల మేడ ఉండేది. దాని కిటికీల్లోంచి రిజర్వాయర్‌నీ మధ్యలో దీవుల్నీ చూసిన తరం ఆ మేడ పేరు చెబితే ఇప్పటికీ మొహం వెలిగిస్తుంది.

కిన్నెరసాని పూర్తి నీటిమట్టం 407 అడుగులు. వానాకాలంలో నీళ్లు ఆ గుర్తుకి దగ్గరయితే గేట్లు ఎత్తుతారు, పేపర్లో ఆ అంకె వస్తుంది. ఆ అంకె పాల్వంచ పిల్లలకు ఎక్కం లాగా నోటికి వచ్చు. 1977లో చుట్టూ ఉన్న అడవిని అభయారణ్యం చేశారు. దాదాపు 635 చదరపు కిలోమీటర్లు. చుక్కల దుప్పులు, కణుజులు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు ఉన్నాయి. రిజర్వాయర్‌లో మొసళ్లు ఉన్నాయి. అందుకే అక్కడ నీళ్లల్లోకి దిగడం కుదరదు. గట్టు పక్క జింకల పార్కు, బోటు, చెట్లు. అంతే. "ఏముంది చిచ్చా" అన్న కుర్రాడి లెక్క ప్రకారం జాబితా ఇక్కడికి ఖతం.

దాదీ లెక్క వేరు. చెట్టు నీడన షత్రంజీ పరిచి, మోకాళ్లు చాపుకుని, గోడకు కాకుండా చెట్టుకి వీపు ఆనించి కూచోవడం ఆమెకు ఏడాదిలో రెండుసార్లే దొరుకుతుంది. అక్కడ ఆమెను ఎవరూ ఎత్తు కొలవరు. బురఖాలో ఉన్న దుల్హన్ నిఖాబ్ ఎత్తి గాలి పీల్చుకునే మూల అక్కడ దొరుకుతుంది. పసిపిల్లకు పాలు ఇవ్వడానికి ఒక పొద చాటు, ఒక దుపట్టా చాలు. బగారా అన్నం, దాల్చా, ఖట్టా డబ్బాలు తెరిస్తే పక్కన కూచున్న హిందూ కుటుంబం పులిహోర పంపిస్తుంది, మనం కీమా సమోసా పంపిస్తే ఆదివారమో శనివారమో అడిగి తీసుకుంటారు. జొహర్‌కి అబ్బా జానమాజ్ పరిస్తే పిల్లలు చెప్పకుండానే వెనక సఫ్ కడతారు. జింకల్ని చూడటం వీటన్నిటి మధ్యలో జరిగే చిన్న ముచ్చట. టికెట్టు పెట్టి అమ్మే ఆట ఇందులో ఏదీ లేదు. కూచోవడమే ఇక్కడి ఆట.

అందుకే రైడ్లు వద్దంటున్నాను. రైడ్లు వస్తే వాటి అప్పు తీర్చడానికి టికెట్టు పెరుగుతుంది. టికెట్టు పెరిగితే లోపల తిండి దుకాణాలు నడవాలి, దుకాణాలు నడవాలంటే బయటి డబ్బాలు ఆపాలి. డబ్బాలు ఆగితే దస్తర్‌ఖాన్ ఆగుతుంది. ఎవరి చెడు నీయత్ వల్లా కాదు, కారోబార్ హిసాబే అలా ఉంటుంది. పైగా అది అభయారణ్యం. డీజే సౌండు, ఫ్లడ్ లైట్లు జింకలకు, పిట్టలకు జులుం. అవీ అల్లాహ్ మఖ్లూఖే. ఆ అడవిలో కోయవాళ్ల గూడేలు ఉన్నాయి, వాళ్ల బతుకు ఆ చెట్లతోనే ముడిపడి ఉంది. మన ఒక్కరోజు తఫ్రీ కోసం వాళ్ల ఇంటి ముందు జాతర పెట్టే హక్కు మనకు ఎవరిచ్చారు?

అయితే ఉన్నది ఉన్నట్టే ఉంచమని కూడా అనను. అక్కడికి పోయిన ఏ అమ్మనైనా అడగండి, మొదట చెప్పేది గుస్ల్‌ఖానాల సంగతే. ఆడవాళ్లు పొద్దున ఇంట్లో బయల్దేరినప్పటి నుంచి నీళ్లు తాగకుండా ఉంటారు, మళ్లీ ఇంటికి చేరేదాకా. ఇదొక్కటి సరిచేస్తే సగం తఫ్రీ సరవుతుంది. వరసగా శుభ్రమైన టాయ్‌లెట్లు, వాటికి నీళ్లు, ఒక ఆడమనిషి కాపలా. వుజూకి నాలుగు కుళాయిలు. ప్రత్యేకంగా నమాజ్ గది కట్టమని నేను అడగను. నీడ ఉన్న శుభ్రమైన అరుగు ఒకటుంటే మనం నమాజ్ చదువుకుంటాం, మిగతా వేళ ఎవరైనా కూచుంటారు. మోకాళ్ల నొప్పులవాళ్లకి మెట్ల పక్కన ర్యాంపు. వెనక ఆనుకోవడానికి వీలుండే బెంచీలు, ఎన్ని ఎక్కువైతే అంత మంచిది. ఈద్, సంక్రాంతి, దసరా సెలవుల్లో కొత్తగూడెం, పాల్వంచ నుంచి నేరుగా గేటు దాకా ఆర్టీసీ బస్సులు. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు ఫ్రీ ఉంది కదా, బస్సు వేస్తే బండి కిరాయి పెట్టలేని ఇళ్లలోని అమ్మలు కూడా వస్తారు. అడవి చూపించడానికి అక్కడి కోయ పిల్లలకే శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెట్టాలి. ఏ చెట్టు ఏమిటో, ఏ అడుగుజాడ దేనిదో వాళ్లకు తెలిసినట్టు మనకు తెలియదు. ఇవేవీ రోలర్ కోస్టర్ అంత ఖర్చు కావు.

బోటు దగ్గర మాత్రం కొంచెం కూడా రిఆయత్ ఉండకూడదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పాపికొండల బోటు మునిగి దాదాపు యాభై మంది పోయారు. దేవీపట్నం వైపు నుంచి బయల్దేరిన బోటు అది. నది వరద మీద ఉంది. మన భద్రాచలం వైపు నుంచి కూడా పోచవరం దాకా పోయి అదే పాపికొండలకు బోటు ఎక్కుతాం. రిజర్వాయర్ నీళ్లు గోదావరి అంత ఉరవడిగా ఉండవు, కానీ మునిగే మనిషికి లోతు లోతే. లైఫ్ జాకెట్ ఇస్తే బురఖా మీద ఎలా వేసుకోను అని సిగ్గుపడి చేత్తో పట్టుకుని కూచునే ఖాలాలను నేను చూశాను. బెల్టులు బిగించి వేసుకోండి, బురఖా మీదే వేసుకోండి. చేతిలో ఉన్న జాకెట్ ఎవరినీ తేల్చదు. సామాను ఎక్కువైందని బోటువాడు అంటే వాడితో జగడం వద్దు, తర్వాతి ట్రిప్పుకి ఆగండి.

సర్కార్‌ని అడిగేవి ఇవి. మన ఇంట్లోవాళ్లను అడిగేవి ఇంకో రెండు ఉన్నాయి, అవి చెప్పడం కొంచెం కష్టం. బాసీ ఈద్ సాయంత్రం మనం లేచి వచ్చిన చెట్ల కింద చూశారా? థర్మకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, బొక్కలు, గుట్కా పొట్లాలు. అన్నం వాసనకి జంతువులు ఆ కవర్లతో సహా తింటాయి. పారే ఏటి ఒడ్డున ఉన్నా వుజూకి నీళ్లు వృథా చేయొద్దని మనకు మదర్సాలో నేర్పారు. ఆ ఇస్రాఫ్ లెక్క ప్లేట్లకి వర్తించదా? ఇంటి స్టీలు ప్లేట్లు తీసుకుపోండి, కడుక్కుని తెచ్చుకోవచ్చు. కడగడం అంటే ఎవరు కడగాలన్న సవాల్ వస్తుంది కదా, అదే రెండోది. మన తఫ్రీలో ఆడవాళ్లు ఫజర్‌కి లేచి పన్నెండు మందికి వండుతారు, డబ్బాలు సర్దుతారు, అక్కడ వడ్డిస్తారు, పిల్లల ముడ్డి కడుగుతారు, తిరిగొచ్చి గిన్నెలు తోముతారు. మగవాళ్లు బైకుల మీద ముందే పోయి, జింకలతో రీల్స్ తీసుకుని, అన్నం వేళకి వస్తారు. థీమ్ పార్కులో దుల్హన్‌కి మజా లేదని ఇంత సేపు మాట్లాడాను. చెట్టు కింద కూడా ఆమె కూచునేది ఎప్పుడు? ఒక్క పూట బిర్యానీ డేగ్ పాల్వంచలో చెప్పేయండి. పన్నెండు మందికి డేగ్ ఖర్చు పెద్ద పార్కులో రెండు టికెట్లకి మించదు. గిన్నెలు మగపిల్లలతో కడిగించండి.

పిల్లలకు బోర్ కొడుతుందన్నది న్యాయమైన మాటే, దానికి జవాబు ఇవ్వాలి. క్రికెట్ బ్యాటు తప్ప మనం వాళ్లకు ఏమిస్తున్నాం? దారిలో చూపించడానికి ఎంత ఉంది! పాల్వంచ పోతుంటే దూరం నుంచే కనబడే కేటీపీఎస్ పాత కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని 2024 ఆగస్టు 5న పేల్చి కూల్చేశారు. వాటిని చూస్తే ఇల్లు వచ్చేసిందనుకునే తరం ఉంది, అసలు చూడని తరం వస్తోంది. ఆ టవర్లు ఎందుకు కట్టారో, ఎందుకు కూల్చారో దాదా చెబితే అదే ఒక క్లాసు. పాల్వంచ అంటే తహసీల్దారు కంచర్ల గోపన్న ఊరు. గోల్కొండ అబుల్ హసన్ తానాషా కొలువులో పని చేస్తూ, ఖజానా పైసలతో భద్రాచలం గుడి కట్టించి, గోల్కొండ ఖైదులో పడి, రామదాసు అయ్యాడు. శ్రీరామనవమికి సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే రివాజు తానాషా నాటిదని చెబుతారు. భద్రాచలం దాకా పోయేవాళ్లు 1965 నాటి గోదావరి వంతెన మీంచి నడుస్తూ ఈ కిస్సా పిల్లలకు చెప్పొచ్చు. ఈ నేల మీద మన పేరు కూడా ఉందని వాళ్లకు ఎవరు చెప్పాలి? బడి పుస్తకంలో ఆ పేజీ ఉంటుందో లేదో నమ్మకం లేని రోజులివి.

ఖమ్మం ఊళ్లోనే ఉండిపోయేవాళ్లకి లకారం ట్యాంక్‌బండ్ తీగల వంతెన ఉంది, సాయంత్రాలు బాగుంటుంది. ఖిల్లాలో జాఫర్ బావి మెట్లు చూడని ఖమ్మం పిల్లలు ఇంకా ఎంతమందో. కుర్రాళ్లకు మరీ ఆగకపోతే ఏడాదికోసారి నలుగురినీ వండర్‌లాకి బస్సెక్కించి పంపండి, మీరు పోకండి. వాళ్ల మజా వాళ్లది, మీ పది వేలల్లో ఆరు వేలు మిగులుతాయి.

వచ్చే బఖ్రీద్ బాసీ ఈద్‌కి పోయేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఆ రోజు జనం ఎక్కువ, నీడ తక్కువ. దాదీ మోకాళ్లు నొప్పులున్నవాళ్లు ఒకరోజు ఆగి తీజ్ నాడు పోండి, పొద్దున తొమ్మిదికల్లా చేరితే గట్టుకి దగ్గర చెట్టు దొరుకుతుంది. అభయారణ్యం గనుక మగ్‌రిబ్ దాకా కూచోనివ్వరు, అసర్ చదువుకుని లేవాలి. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి బండిలో వేసుకోండి. అక్కడి బెంచీలకి వెనక ఆనుకునే పలక ఇంకా రాలేదు.